మొదటి నాలుగు వేల డాలర్లు: అమెరికాలో కాలేజీ పిల్లల పన్ను క్రెడిట్ చేజారేదెక్కడ

అమెరికాలో కాలేజీ ఫీజు బిల్లు ఎంత పెద్దదైనా కావచ్చు, ఫెడరల్ పన్ను చట్టం మాత్రం అందులో మొదటి 4,000 డాలర్లనే ప్రత్యేకంగా చూస్తుంది. ఆ 4,000 మీద ఒక్కో విద్యార్థికి ఏడాదికి 2,500 డాలర్ల వరకు పన్ను తగ్గుతుంది. నాలుగేళ్లకు కలిపితే 10,000. ఆపైన కట్టే పాతిక వేలకో యాభై వేలకో ఈ క్రెడిట్‌లో ఒక్క డాలరు కూడా రాదు. కాబట్టి కాలేజీ పిల్లలున్న ఇంట్లో అసలు తేల్చుకోవలసింది ఒక్కటే: ఆ 4,000 ఏ డబ్బుతో కట్టినట్టు చూపాలి, ఎవరి రిటర్న్‌లో చూపాలి?

ఇది ఏప్రిల్‌లో టాక్స్ సాఫ్ట్‌వేర్ ముందు కూర్చున్నాక తేల్చుకునే విషయం కాదు. 529 ఖాతాలోంచి (పిల్లల చదువు కోసం దాచుకునే పొదుపు ఖాతా) ఎంత తీశారు, జనవరి సెమిస్టర్ ఫీజు డిసెంబరులో కట్టారా జనవరిలో కట్టారా, 401(కె) రిటైర్మెంట్ ఖాతాలో ఎంత వేశారు అన్నవి చాలావరకు డిసెంబరు 31 నాటికే జరిగిపోయి ఉంటాయి. చాలామంది తెలుగు తల్లిదండ్రులు ఈ క్రెడిట్ సంగతి తెలియక పోగొట్టుకోవడం లేదు. తెలిసీ, ఆ 4,000ను ముందే వేరే లెక్కలో వాడేసి పోగొట్టుకుంటున్నారు.

2,500 ఎలా వస్తుంది

దీని పూర్తి పేరు అమెరికన్ ఆపర్చునిటీ టాక్స్ క్రెడిట్. వాడుకలో ఏఓటీసీ. 1997లో వచ్చిన హోప్ క్రెడిట్ స్థానంలో 2009లో తాత్కాలికంగా తెచ్చారు, 2015లో శాశ్వతం చేశారు. అర్హమైన ఖర్చులో మొదటి 2,000 డాలర్లకు నూటికి నూరు శాతం, తర్వాతి 2,000కు నూటికి పాతిక చొప్పున లెక్క. అంటే 2,000, దానిపైన 500. డిడక్షన్ ఆదాయాన్ని తగ్గిస్తే, క్రెడిట్ కట్టాల్సిన పన్నునే నేరుగా తగ్గిస్తుంది. పైగా ఇందులో 40 శాతం, అంటే గరిష్ఠంగా 1,000 డాలర్లు, కట్టాల్సిన పన్ను ఏమీ లేకపోయినా రిఫండ్‌గా చేతికొస్తుంది.

విద్యార్థి డిగ్రీకో గుర్తింపు ఉన్న సర్టిఫికెట్‌కో చదువుతుండాలి. ఆ ఏడాది కనీసం ఒక సెమిస్టరైనా సగం కోర్సు లోడుకు తగ్గకుండా నమోదై ఉండాలి. ఏడాది మొదలయ్యేనాటికి కాలేజీ చదువులో మొదటి నాలుగేళ్లు పూర్తయి ఉండకూడదు. మాదకద్రవ్యాల నేరంలో ఫెలనీ (తీవ్ర నేరం) శిక్ష పడి ఉండకూడదు. ఒక విద్యార్థి పేరు మీద జీవితకాలంలో నాలుగు పన్ను సంవత్సరాలే ఈ క్రెడిట్ దొరుకుతుంది. ఆ నాలుగింటిలో కొన్ని తల్లిదండ్రుల రిటర్న్‌లో, కొన్ని పిల్లల రిటర్న్‌లో వాడుకున్నా మొత్తం నాలుగే.

ఖర్చుల్లో ట్యూషన్, తప్పనిసరి ఫీజులు, కోర్సుకు కావలసిన పుస్తకాలు, సామగ్రి లెక్కలోకి వస్తాయి. పుస్తకాలు కాలేజీ స్టోర్లోనే కొనాలన్న నియమం లేదు, అమెజాన్‌లో పాతవి కొన్నా చెల్లుతాయి. చదువుకు కంప్యూటర్ తప్పనిసరి అయితే లాప్‌టాప్ కూడా వస్తుంది. డార్మ్ అద్దె, మీల్ ప్లాన్, హెల్త్ ఇన్సూరెన్స్, ఇంటికి వచ్చిపోయే టికెట్లు రావు.

నాలుగేళ్లు దాటినవారికి, మాస్టర్స్ చదివేవారికి, ఉద్యోగం చేస్తూ ఒకటి రెండు కోర్సులు తీసుకునేవారికి లైఫ్‌టైమ్ లెర్నింగ్ క్రెడిట్ ఉంది. 10,000 డాలర్ల ఖర్చు మీద 20 శాతం, అంటే 2,000 వరకు. అది విద్యార్థికి ఇంత అని కాదు, మొత్తం రిటర్న్‌కు ఇంత. రిఫండ్ భాగం లేదు. పుస్తకాలు కాలేజీకే కట్టాలన్న షరతు ఉంటే తప్ప లెక్కలోకి రావు. ఒకే విద్యార్థికి ఒకే ఏడాది రెండు క్రెడిట్లూ కుదరవు. డిగ్రీ చదివే పిల్లలకు దాదాపు ఎప్పుడూ ఏఓటీసీయే మేలు.

డిపెండెంట్‌గా చూపినవారిదే క్రెడిట్

ఫీజు ఎవరు కట్టారన్నదాని మీద ఈ క్రెడిట్ ఆధారపడదు. విద్యార్థిని డిపెండెంట్‌గా, అంటే తమపై ఆధారపడిన మనిషిగా, తమ రిటర్న్‌లో ఎవరు చూపితే క్రెడిట్ వాళ్లది. కూతురు తన పార్ట్‌టైమ్ జీతంలోంచి ఫీజు కట్టుకున్నా, తండ్రి ఆమెను డిపెండెంట్‌గా చూపితే ఆ ఫీజు తండ్రి కట్టినట్టే లెక్క. విజయవాడలో ఉన్న తాతగారు నేరుగా యూనివర్సిటీ ఖాతాకు పంపినా అంతే. మొదట మనవరాలు కట్టినట్టు, ఆమె ద్వారా తండ్రి కట్టినట్టు చట్టం భావిస్తుంది. విద్యార్థి పేరున తీసుకున్న రుణంతో కట్టినా ఫీజు ఫీజే, అది కట్టిన ఏడాదే లెక్కలోకి వస్తుంది. తర్వాత ఆ రుణం తీర్చినప్పుడు క్రెడిట్ రాదు.

డిసెంబరు 31 నాటికి 24 ఏళ్లు నిండని ఫుల్‌టైమ్ విద్యార్థిని కన్నవారు డిపెండెంట్‌గా చూపుకోవచ్చు. ఏడాదిలో సగానికి పైగా తల్లిదండ్రులతో ఉండాలన్న షరతు ఉన్నా, చదువు కోసం డార్మ్‌లో ఉన్న రోజులు ఇంట్లో ఉన్నట్టే లెక్క. విద్యార్థి తన పోషణలో సగానికి మించి తానే భరించి ఉండకూడదు. స్కాలర్‌షిప్‌ను ఈ లెక్కలో పక్కన పెడతారు. విద్యార్థి సొంత పేరున తీసుకున్న రుణాన్ని మాత్రం తాను భరించినట్టే చూస్తారు.

‘ఫుల్‌టైమ్’ అంటే ఏడాదిలో ఏవైనా ఐదు నెలల్లో, ప్రతి నెలలో కొద్ది భాగమైనా సరే, పూర్తి కోర్సు లోడుతో ఉండటం. జనవరి నుంచి మే దాకా చదివి పట్టా పుచ్చుకుంటే ఐదు నెలలు నిండినట్టే. జూలైలో ఉద్యోగంలో చేరి సియాటెల్‌కో ఆస్టిన్‌కో వెళ్లిపోయిన అబ్బాయి కూడా ఆ ఏడాదికి మిగతా షరతులు సరిపోతే తల్లిదండ్రుల డిపెండెంటే. సరిగ్గా ఇక్కడే ఇళ్లలో చిక్కు వస్తుంది. కొత్త ఉద్యోగి ఉత్సాహంగా ఫిబ్రవరిలోనే సొంతంగా రిటర్న్ వేస్తాడు. ‘మిమ్మల్ని ఎవరైనా డిపెండెంట్‌గా చూపగలరా’ అన్న చోట లేదని గుర్తు పెడతాడు. ఏప్రిల్‌లో తండ్రి ఈ-ఫైల్ చేస్తే అదే సోషల్ సెక్యూరిటీ నంబరు అప్పటికే వాడేశారని రిటర్న్ తిరిగొస్తుంది. అప్పుడు కొడుకు సవరణ రిటర్న్ ఒకటి వేసుకోవాలి. జనవరిలోనే ఇంట్లో ఒక ఫోన్ కాల్ మాట్లాడుకుంటే ఈ తంటా ఉండదు.

తల్లిదండ్రులు విడిపోయి ఉంటే క్రెడిట్ డిపెండెన్సీ వెంటే వెళుతుంది. ఫారం 8332తో ఆ హక్కు ఎవరికి వదిలితే వాళ్లకే క్రెడిట్. భార్యాభర్తలు కలిసే ఉంటూ విడివిడిగా రిటర్న్ వేస్తే ఇద్దరికీ రాదు.

1098-టి చెప్పనివి

జనవరి నెలాఖరుకల్లా కాలేజీలు 1098-టి అనే కాగితం ఇస్తాయి. ఈ రోజుల్లో అది ఎక్కువగా విద్యార్థి పోర్టల్‌లోనే ఉంటుంది, పాస్‌వర్డ్ పిల్లల దగ్గరే ఉంటుంది. అందులో 1వ గడి ఆ ఏడాది కాలేజీకి అందిన ఫీజు, 5వ గడి స్కాలర్‌షిప్‌లు, గ్రాంట్లు. ఆ ఫీజులో కొంత వచ్చే జనవరి నుంచి మార్చి లోపు మొదలయ్యే సెమిస్టర్‌కు సంబంధించినదైతే 7వ గడిలో టిక్ ఉంటుంది. 8వ గడి టిక్ సగం లోడుకు తగ్గలేదని, 9వ గడి టిక్ గ్రాడ్యుయేట్ విద్యార్థి అని చెబుతాయి.

ఒకటిలోంచి ఐదు తీసేస్తే వచ్చేదే మన ఖర్చు అనుకోవడం సులభం. అక్కడే చాలా డబ్బు పోతుంది. బయట కొన్న పుస్తకాల ఖర్చు ఈ కాగితంలో ఉండదు, రసీదులు చూసి మనమే కలుపుకోవాలి. కమ్యూనిటీ కాలేజీలో చదివే పిల్లల విషయంలో ఇది బాగా తేడా చూపిస్తుంది. ఏడాది ట్యూషన్ 3,200 డాలర్లు అయితే దాని మీద క్రెడిట్ 2,300. పుస్తకాలకు, ల్యాబ్ సామగ్రికి పెట్టిన 700 కలిపితే 3,900 అవుతుంది, క్రెడిట్ 2,475కు పెరుగుతుంది. రసీదులు దాచుకున్నందుకే 175 డాలర్లు.

రెండోది క్యాలెండర్ చిక్కు. కాలేజీ నాలుగేళ్లే అయినా అది ఐదు పన్ను సంవత్సరాల మీద పరచుకుని ఉంటుంది. 2025 ఆగస్టులో చేరిన అమ్మాయి 2029 మేలో పట్టా అందుకుంటే 2025, 26, 27, 28, 29 అన్నీ తగులుతాయి. వాటిలో నాలుగే వాడుకోవాలి. మొదటి ఏడాది ఒక్క సెమిస్టరే కదా, ఏముంటుందిలే అని వదిలేసేవారున్నారు. చాలా యూనివర్సిటీల్లో ఒక్క సెమిస్టర్ ఫీజే 4,000 దాటుతుంది, కాబట్టి ఆ ఏడాది కూడా పూర్తి 2,500కు సరిపోతుంది. ఏ నాలుగు ఏళ్లు ఎంచుకోవాలన్నది ఇంటి ఆదాయాన్ని బట్టి ఉంటుంది. ఒకరి ఉద్యోగం పోయిన ఏడాదో, స్టాక్ అమ్మకాలు లేని ఏడాదో ఆదాయం తగ్గితే క్రెడిట్ ఆ ఏడాదికి దాచుకోవడం లాభం.

ఫీజు ఏ సెమిస్టర్‌దన్నది కాదు, ఏ తేదీన కట్టారన్నది ముఖ్యం. వచ్చే ఏడాది మొదటి మూడు నెలల్లో మొదలయ్యే సెమిస్టర్‌కు ఈ డిసెంబరులోనే కడితే అది ఈ ఏడాది ఖర్చే. అందుకే ఆఖరి స్ప్రింగ్ సెమిస్టర్ ఫీజు 2028 డిసెంబరులో కట్టేసిన ఇంట్లో 2029 కాగితం ఖాళీగా వస్తుంది. 2029లో క్రెడిట్ వాడుకుందామనుకుంటే ఆ ఫీజు కాలేజీ గడువు చూసుకుని జనవరిలో కట్టాలి.

స్కాలర్‌షిప్, 529: ఒకే ఖర్చు రెండు చోట్ల కుదరదు

పన్ను లేని స్కాలర్‌షిప్‌తో కట్టిన ఫీజు మీద క్రెడిట్ రాదు. 529 ఖాతాలోంచి పన్ను లేకుండా తీసిన డబ్బుకు లెక్క చూపిన ఫీజు మీదా రాదు. ఒక ఖర్చు, ఒకే ప్రయోజనం. ఈ నియమం అందరికీ తెలుసు. దాన్ని మనకు అనుకూలంగా ఎలా అమర్చుకోవాలన్నది కొద్దిమందే ఆలోచిస్తున్నారు.

ముందు 529 సంగతి. ట్యూషన్ 20,000, డార్మ్, భోజనం 14,000 అయిందనుకుందాం. ఖాతాలో సరిపడా డబ్బుంటే మొత్తం 34,000 అందులోంచే కట్టేయాలనిపిస్తుంది, దాని కోసమే కదా పిల్ల పుట్టినప్పటి నుంచి నెలనెలా వేశారు! కానీ అలా చేస్తే క్రెడిట్‌కు చూపడానికి ఏమీ మిగలదు. 529 నుంచి 30,000 తీసి, ట్యూషన్‌లో 4,000 జీతం డబ్బుతోనో రుణంతోనో కడితే 2,500 వెనక్కి వస్తుంది. 529 డబ్బుకు కనీసం సగం లోడు చదివే విద్యార్థి డార్మ్ అద్దె, భోజనం కూడా అర్హమైన ఖర్చులే, ఏఓటీసీకి కావు. కాబట్టి 529ని వాటి వైపు తిప్పి, ట్యూషన్‌లో 4,000ను క్రెడిట్‌కు వదిలిపెట్టాలి. ఇప్పటికే ఎక్కువ తీసేసి ఉంటే కూడా దారి ఉంది. క్రెడిట్ కోసం 4,000 పక్కన పెట్టినందువల్లే ఆ మేరకు తీసిన మొత్తం అర్హత కోల్పోతే, అందులో లాభం భాగానికి మామూలు పన్ను పడుతుంది, 10 శాతం అదనపు జరిమానా మాత్రం పడదు. లాభం భాగం ఎంతో లెక్కేసి చూస్తే చాలాసార్లు ఆ పన్ను 2,500 కన్నా బాగా తక్కువే ఉంటుంది.

స్కాలర్‌షిప్ విషయం ఇంకా విలువైనది, అంతకన్నా ఎక్కువ నిర్లక్ష్యానికి గురైనది. ఫీజు 11,000, స్కాలర్‌షిప్ 11,000 అనుకుందాం. 1098-టి ప్రకారం క్రెడిట్ సున్నా, చాలా రిటర్న్‌లు అక్కడితో ఆగిపోతాయి. కానీ ట్యూషన్‌కే వాడాలన్న షరతు ఆ స్కాలర్‌షిప్‌కు లేకపోతే, అందులో 4,000 అద్దెకు, భోజనానికి వాడినట్టు చూపే వెసులుబాటు చట్టంలో ఉంది. తక్కువ ఆదాయ కుటుంబాల విద్యార్థులకు ప్రభుత్వం ఇచ్చే పెల్ గ్రాంట్ ఇలాంటిదే. అప్పుడు ఆ 4,000 విద్యార్థికి పన్ను పడే ఆదాయమవుతుంది. ట్యూషన్‌లో 4,000 క్రెడిట్‌కు దొరుకుతుంది. విద్యార్థికి పన్ను పడుతుందా? డిపెండెంట్‌కు స్టాండర్డ్ డిడక్షన్ (పన్ను పడకుండా ఆదాయంలోంచి తీసేసే మొత్తం) తన సంపాదనను బట్టి పెరుగుతుంది, ఈ స్కాలర్‌షిప్ భాగం కూడా అక్కడ సంపాదనగానే లెక్కకొస్తుంది. 2025కు ఆ పరిమితి 15,750 డాలర్లు. వేసవిలో సంపాదించిన 6,000, ఈ 4,000 కలిపి 10,000 దాటని విద్యార్థికి వేరే ఆదాయం లేకపోతే ఫెడరల్ పన్ను పడదు. తల్లిదండ్రులకు మాత్రం 2,500 వస్తుంది. ఇందులో దాచుడు వ్యవహారం ఏమీ లేదు. అమెరికా ట్రెజరీయే పెల్ గ్రాంట్ తీసుకునే కుటుంబాలకు ఈ పద్ధతిని వివరించింది. విద్యార్థికి షేర్ల ఆదాయమో పెద్ద జీతమో ఉంటే మాత్రం, స్కాలర్‌షిప్‌లో ఎంత భాగం చూపితే లాభమో లెక్క వేసుకున్నాకే దిగాలి.

స్కాలర్‌షిప్ అవార్డు లెటర్ చదవకుండా ఈ పని చేయకూడదు. ‘ట్యూషన్, ఫీజులకు మాత్రమే’ అని అందులో రాసి ఉంటే ఈ దారి మూసుకున్నట్టే.

1,60,000 గీత, రెండు జీతాల ఇల్లు

పూర్తి క్రెడిట్ రావాలంటే జాయింట్ రిటర్న్‌లో ఆదాయం 1,60,000 డాలర్లు దాటకూడదు. 1,80,000 చేరితే మొత్తం పోతుంది. ఒంటరి తల్లికో తండ్రికో 80,000, 90,000. ఈ అంకెలు 2009లో ఎక్కడ పెట్టారో ఇప్పటికీ అక్కడే ఉన్నాయి. స్టాండర్డ్ డిడక్షన్, పన్ను శ్లాబులు ధరలతోపాటు ఏటా పెరుగుతుంటే ఈ గీత మాత్రం కదలలేదు. అప్పట్లో సంపన్నులను పక్కన పెట్టడానికి గీసిన గీత ఈ రోజు ఇద్దరూ ఐటీలో పనిచేసే మామూలు కుటుంబాన్ని బయటకు నెడుతోంది. ఇది అన్యాయం. దీన్ని సరిదిద్దాల్సింది అమెరికన్ కాంగ్రెస్. అప్పటిదాకా కుటుంబాలు చేయగలిగింది తమ ఆదాయ లెక్కను గీతకు ఇవతల ఉంచుకోవడమే.

గీత దాటాక ప్రతి 1,000 డాలర్లకు 125 చొప్పున క్రెడిట్ కరుగుతుంది. ఇద్దరు పిల్లలు కాలేజీలో ఉంటే 250. 22 శాతం శ్లాబులో ఉన్న ఇంట్లో, ఆ 20,000 పరిధిలో అదనంగా వచ్చే ప్రతి 1,000లో 220 పన్నుకు, 250 క్రెడిట్ నష్టానికి, మొత్తం 470 పోతుంది. అదే లెక్క తిరగేస్తే, ఆ పరిధిలో ఒక 1,000ని ఆదాయంలోంచి తగ్గించగలిగితే 470 మిగులుతుంది.

తగ్గించే మార్గాలు తెలిసినవే. 2025లో 50 ఏళ్ల లోపువారు 401(కె)లో ఒక్కొక్కరు 23,500 వరకు వేయవచ్చు. కుటుంబ ఇన్సూరెన్స్ ప్లాన్ ఉంటే హెచ్ఎస్ఏ అనే వైద్య ఖర్చుల పొదుపు ఖాతాలో 8,550. ఇద్దరి జీతాలు కలిపి 2,15,000 ఉన్న ఇంట్లో ఇద్దరూ 401(కె) పూర్తిగా నింపి, హెచ్ఎస్ఏ కూడా నింపితే లెక్కలోకి వచ్చేది 1,59,450. పూర్తి క్రెడిట్ వస్తుంది. ఆ 401(కె) రాత్ (పన్ను కట్టాక వేసే రకం) కాకుండా మామూలు ప్రీ-టాక్స్‌ది (పన్నుకు ముందే వేసేది) అయ్యుండాలి, రాత్‌లో వేస్తే ఈ ఏడాది ఆదాయం తగ్గదు.

తెలుగు కుటుంబాల్లో ఈ గీతను చాటుగా దాటించేది ఇండియా ఆదాయం. ఎన్ఆర్ఈ ఫిక్స్‌డ్ డిపాజిట్ వడ్డీకి ఇండియాలో పన్ను లేదు కాబట్టి ఎక్కడా లేదనుకుంటారు. అమెరికా పన్ను చట్టం దృష్టిలో అది మామూలు వడ్డీయే. కూకట్‌పల్లి ఫ్లాట్ అద్దె, ఎన్ఆర్ఓ ఖాతా వడ్డీ, ఊళ్లో స్థలం అమ్మితే వచ్చిన లాభం అన్నీ అమెరికా రిటర్న్‌లో చూపాల్సిందే, ఆదాయ గీత లెక్కలోకి వచ్చేవే. పిల్లలు కాలేజీలో ఉన్న నాలుగైదేళ్లలో స్థలం అమ్మాలనుకునేవారు ఏ ఏడాది అమ్ముతున్నారో ఒకసారి చూసుకోవడం మంచిది. క్రెడిట్ వదులుకోదలచిన ఐదో ఏడాదిలోకి ఆ అమ్మకం పడితే నష్టమే లేదు.

తల్లిదండ్రులు తప్పుకుంటే పిల్లలకు

ఆదాయం 1,80,000 దాటిన ఇంట్లో తల్లిదండ్రులకు క్రెడిట్ ఎలాగూ రాదు. అప్పుడు వాళ్లు పిల్లవాడిని డిపెండెంట్‌గా చూపే హక్కు ఉన్నా చూపకుండా వదిలేస్తే, ఆ క్రెడిట్ పిల్లవాడు తన రిటర్న్‌లో తీసుకోవచ్చు. తల్లిదండ్రులు కట్టిన ఫీజే పిల్లవాడు కట్టినట్టు లెక్క. పిల్లవాడు తన రిటర్న్‌లో ‘నన్ను వేరొకరు డిపెండెంట్‌గా చూపగలరు’ అనే గడిలో టిక్ పెట్టాల్సిందే, ఎందుకంటే చూపగలరు కాబట్టి.

దీనికి రెండు పరిమితులున్నాయి. తల్లిదండ్రులు 500 డాలర్ల ఇతర డిపెండెంట్ల క్రెడిట్ వదులుకుంటారు. రెండోది, 24 ఏళ్ల లోపు ఉండి తన పోషణలో సగమైనా తన సంపాదనతో భరించని విద్యార్థికి రిఫండ్ భాగం ఉండదు. ఈ క్రెడిట్ లెక్క వేసే ఫారం 8863లో 7వ లైను దగ్గర ఒక గడిలో టిక్ పెట్టి, మొత్తాన్ని నేరుగా 9వ లైనుకు దించుతారు. అంటే 2,500 మొత్తం వాడుకోవచ్చు గానీ, తనకు పడిన పన్ను వరకే.

కంప్యూటర్ సైన్స్ మూడో ఏడాది చదువుతూ వేసవి ఇంటర్న్‌షిప్‌లో 30,000 సంపాదించిన అబ్బాయిని తీసుకుందాం. 2025 లెక్కలో 15,750 పోగా 14,250 మీద పన్ను దాదాపు 1,470 డాలర్లు. క్రెడిట్ దాన్ని పూర్తిగా తుడిచేస్తుంది. తల్లిదండ్రులు పోగొట్టుకున్న 500 తీసేసినా ఇంటికి 970 మిగిలినట్టు. అదే అబ్బాయి లైబ్రరీలో పనిచేసి 12,000 సంపాదించి ఉంటే అతనికి పన్నే లేదు, క్రెడిట్ వల్ల ఒరిగేదీ లేదు. పైగా 500 పోతుంది. సంపాదన 20,750 దగ్గర లాభనష్టాలు సమానం. అది దాటితేనే ఈ పద్ధతి పనికొస్తుంది. జాయింట్ ఆదాయం 4,00,000 దాటిన ఇంట్లో ఆ 500 క్రెడిట్ కూడా కరిగిపోతూ వస్తుంది కాబట్టి అక్కడ తప్పుకోవడం వల్ల పోయేది స్వల్పం.

డిపెండెంట్‌గా చూపకపోతే ఫాఫ్సాలో (ఫెడరల్ విద్యా సాయం దరఖాస్తు) ఎక్కువ సాయం వస్తుందనుకోవడం భ్రమ. ఫాఫ్సా డిపెండెన్సీ నియమాలు వేరు, పన్ను రిటర్న్‌తో వాటికి సంబంధం లేదు. 26 ఏళ్ల దాకా తల్లిదండ్రుల ఉద్యోగ ఇన్సూరెన్స్‌లో కొనసాగడానికి కూడా దీనితో సంబంధం లేదు.

వీసా నీడలో ఉన్న పిల్లలు

2025 జూలైలో వచ్చిన పన్ను చట్టం ఒక నిబంధన మార్చింది. తెలుగు కుటుంబాల్లో చాలామందికి ఇది నేరుగా తగులుతుంది. 2026 పన్ను సంవత్సరం నుంచి ఏఓటీసీకైనా లైఫ్‌టైమ్ లెర్నింగ్ క్రెడిట్‌కైనా, క్లెయిమ్ చేసేవారికీ విద్యార్థికీ ఉద్యోగార్హత ఉన్న సోషల్ సెక్యూరిటీ నంబరు ఉండాలి. అంతకుముందు ఐటిన్ (సోషల్ సెక్యూరిటీ నంబరు రానివారికి ఇచ్చే పన్ను గుర్తింపు నంబరు) సరిపోయేది. 2025 రిటర్న్‌కు ఐటిన్ సరిపోతుంది, రిటర్న్ గడువులోపు దాన్ని పొంది ఉంటే చాలు.

తల్లి లేదా తండ్రి హెచ్1బి ఉద్యోగ వీసా మీద, పిల్లలు దాని వెంట వచ్చే హెచ్4 మీద ఉన్న ఇళ్లలో పిల్లలకు ఐటినే ఉంటుంది. చిన్నప్పుడే ఇక్కడికి వచ్చి, ఇక్కడే హైస్కూలు చదివి, స్టేట్ యూనివర్సిటీలో చేరిన ఈ పిల్లల తల్లిదండ్రులు పక్కింటివాళ్లతో సమానంగా పన్ను కడుతున్నారు. గ్రీన్‌కార్డు వరుసలో ఇండియా వారికి పడుతున్న ఆలస్యం వల్ల మాత్రమే ఆ పిల్లలకు ఆ నంబరు రాలేదు. వాళ్ల చదువు మీద వచ్చే 2,500ను ఈ చట్టం తీసేసింది. గ్రీన్‌కార్డు కోసం స్టేటస్ మార్పు దరఖాస్తు వేసి, దాని ఆధారంగా పిల్లలకు పని అనుమతి వచ్చినవారు వెంటనే సోషల్ సెక్యూరిటీ నంబరు తీసుకోవాలి. రిటర్న్ గడువు దాటాక వస్తే ఆ ఏడాదికి పనికిరాదు.

ఇంకో చిక్కు 21 ఏళ్ల దగ్గర. హెచ్4 ముగిసి ఎఫ్1 విద్యార్థి వీసాలోకి మారిన విద్యార్థికి ఇక్కడ గడిపే రోజులు ఐదు క్యాలెండర్ సంవత్సరాల పాటు రెసిడెన్సీ లెక్కలోకి రావు. దాంతో మారిన మరుసటి ఏడాది నుంచి సాధారణంగా పన్ను పరంగా నాన్‌రెసిడెంట్ అవుతాడు. నాన్‌రెసిడెంట్‌ను డిపెండెంట్‌గా చూపడం కుదరదు, కాబట్టి క్రెడిట్ కూడా పోతుంది. వీసా మారిందని ఇంట్లో తెలుసు. రిటర్న్ మాత్రం పాత అలవాటుగానే వేస్తుంటారు.

హైదరాబాద్, విజయవాడ, వైజాగ్ నుంచి నేరుగా ఎంఎస్‌కు వచ్చినవారిది అదే కథ. తొలి ఐదేళ్లు నాన్‌రెసిడెంట్లు, మామూలు 1040 బదులు నాన్‌రెసిడెంట్ల రిటర్న్ 1040-ఎన్ఆర్ వేయాలి, ఏఓటీసీ గానీ లైఫ్‌టైమ్ లెర్నింగ్ గానీ వారికి వర్తించదు. ఏడాదిలో కొంతభాగం నాన్‌రెసిడెంట్‌గా ఉన్నా, రెసిడెంట్ అయిన జీవిత భాగస్వామితో కలిసి జాయింట్‌గా వేసే ఎంపిక చేసుకుంటే తప్ప రాదు. 1098-టి చేతికి వచ్చినంత మాత్రాన అర్హత వచ్చినట్టు కాదు. వారికి నిజంగా ఉన్న ఊరట వేరే ఉంది. భారత్-అమెరికా పన్ను ఒప్పందం 21వ అధికరణం కింద భారతీయ విద్యార్థులు 1040-ఎన్ఆర్‌లో కూడా స్టాండర్డ్ డిడక్షన్ తీసుకోవచ్చు. రూమ్మేట్ చెప్పాడని మామూలు సాఫ్ట్‌వేర్‌లో 1040 నింపి 1,000 డాలర్ల రిఫండ్ తీసుకున్నవారు సవరణ రిటర్న్ వేసి తిరిగి కట్టుకోవడమే క్షేమం. నిబంధనలను పట్టించుకోకుండా క్లెయిమ్ చేశారని అమెరికా పన్ను శాఖ ఐఆర్ఎస్ తేలిస్తే రెండేళ్లు, మోసమని తేలిస్తే పదేళ్లు ఈ క్రెడిట్‌కు దూరం పెడతారు.

జరిగిపోయిన ఏళ్లు

అర్హత ఉండీ వాడుకోని ఏడాదికి 1040-ఎక్స్‌తో సవరణ వేయవచ్చు. రిటర్న్ వేసిన తేదీ నుంచి మామూలుగా మూడేళ్ల గడువు ఉంటుంది, గడువు కన్నా ముందే వేసిన రిటర్న్‌ను ఏప్రిల్ గడువు నాడు వేసినట్టే లెక్కిస్తారు. దానికి కావలసినవి ఆ ఏడాది 1098-టి, కాలేజీ పోర్టల్‌లోని ఖాతా స్టేట్‌మెంట్, 529 నుంచి తీసుకుని ఉంటే 1099-క్యూ, పుస్తకాల రసీదులు. ఖాతా స్టేట్‌మెంట్‌లో ఏ తేదీన ఎంత జమైందో, స్కాలర్‌షిప్ ఏ సెమిస్టర్‌కు సర్దారో కనిపిస్తుంది కాబట్టి 1098-టి కన్నా అదే నమ్మదగిన ఆధారం. ఫారం 8863లో కాలేజీ ఈఐఎన్ (పన్ను గుర్తింపు) నంబరు రాయాలి, అది 1098-టి పైభాగంలో ఉంటుంది. పట్టా పుచ్చుకున్నాక కొన్ని కాలేజీలు పోర్టల్ లాగిన్ మూసేస్తాయి, కాబట్టి ఆఖరి సెమిస్టర్ అయ్యేలోపే నాలుగేళ్ల స్టేట్‌మెంట్లూ పీడీఎఫ్‌లుగా దించుకుని పెట్టుకోవాలి.